యార్డు ఖర్చు, కల్లంలో కోత

సోయా కోతలు ముగిసే నాటికి తెలంగాణలోని పిట్లం మండలంలో రైతు ముందు నాలుగు దారులుంటాయి. కల్లం కాడికే వచ్చి కాంటా పెట్టే వ్యాపారికి అమ్మడం ఒకటి. బండి కట్టించుకుని వేలం జరిగే మార్కెట్ యార్డుకు, అవసరమైతే నిజామాబాద్ దాకా, తీసుకుపోవడం రెండోది. 161వ జాతీయ రహదారి పట్టుకుని మద్నూర్ మీదుగా మహారాష్ట్రలోని దెగ్లూర్‌లో అమ్మడం మూడోది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రం తెరిస్తే అక్కడ మద్దతు ధరకు పోయడం నాలుగోది. మొదటి దారిలో రైతు జేబులోంచి రూపాయి తీయనక్కర్లేదు. మిగతా మూడింటికీ ముందే ఖర్చు పెట్టాలి. ఏటా చాలామంది మొదటి దారే పడుతున్నారు. వాళ్లకు లెక్క తెలియదని పట్నంలో కూర్చుని తేల్చేయడం అన్యాయం. వాళ్ల లెక్క ఏమిటో, అందులో ఏ అంకె కనబడకుండా పోతోందో చూడాలి.

వేలంలో సరుకు పెట్టేవాడు రుసుము కట్టి పెద్ద గుంపు ముందు నిలబడాలా, రుసుము లేని చోట దొరికినవాడికి అమ్ముకోవాలా అన్న ఈ ప్రశ్న పిట్లం రైతు ఒక్కడిదే కాదు. గత 30 ఏళ్లలో ఇంటర్నెట్ వేలంపాటల్లో పాత కెమెరాలు, నాణేలు, చీరలు అమ్మినవాళ్లందరూ ఇదే ప్రశ్నతో సతమతమయ్యారు. అక్కడ జరిగింది వరుసగా నమోదై ఉంది. మన యార్డుల్లో జరిగింది మాత్రం చిట్టీల మీద రాసి చించేశారు. అందుకే ముందు అక్కడి కథ.

1995లో అమెరికాలో మొదలైన ఈబే అమ్మేవాళ్ల దగ్గర రెండు రకాలుగా డబ్బు తీసుకునేది. సరుకు వేలానికి పెట్టినందుకు ఒక రుసుము. అది అమ్ముడుపోయినా పోకపోయినా కట్టాలి. అమ్ముడుపోతే వచ్చిన ధరలో ఒక వాటా. 2008 జనవరి చివర్లో ఆ కంపెనీ మొదటి రుసుము తగ్గించి రెండోది పెంచింది. 25 డాలర్ల లోపు ధర పలికే సరుకుపై వాటా 5.25 శాతం నుంచి 8.75 శాతానికి పోయింది. ఫిబ్రవరి 18 నుంచి వారం రోజులు సరుకు పెట్టకుండా అమ్మకందారులు నిరసన తెలిపారు. కంపెనీ వెనక్కి తగ్గలేదు. ఈ గొడవలో నాకు పనికొచ్చే విషయం రుసుము ఎంత పెరిగిందన్నది కాదు, ఎవరి మీద పడిందన్నది. ముందుగా కట్టే రుసుము చిన్న లాటువాడిని, సరుకు అమ్ముడుపోక వెనక్కి తీసుకెళ్లేవాడిని కొడుతుంది. అమ్మకం తర్వాత తీసుకునే వాటా అమ్ముకున్నవాడిని మాత్రమే తాకుతుంది, అదీ అమ్మినదాన్ని బట్టి. రెండూ రుసుములే అయినా ఒకదాన్ని భరించగల రైతు రెండోదాన్ని భరించలేకపోవచ్చు.

ఇప్పుడు మన యార్డు చూద్దాం. రాష్ట్రంలో 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం మార్కెట్ ఫీజు కట్టాల్సింది కొనేవాడు. ఎక్కువ సరుకులకు అది నూటికి ఒక రూపాయి. చట్టం కాగితం మీద రైతుకు యార్డు ఉచితమే. మరి రైతు కట్టే ప్రవేశ రుసుము ఏది? బండి కిరాయి. ఆ తర్వాత హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి) ఖర్చులు, ఆడ్తి (కమీషన్ ఏజెంటు వాటా). బీట్లు అయ్యేదాకా యార్డులో కాపలా. ధర నచ్చకపోతే మళ్లీ బండి కట్టించి ఇంటికి తెచ్చుకోవాలి. అమ్ముడుపోయినా పోకపోయినా వదలని ఖర్చు ఈ కిరాయే. యార్డుకు వచ్చిన రైతు పాడిన ధరకు తలవంచడానికి సగం కారణం అక్కడే ఉంది: వెనక్కి పోవడం అంటే అదే రుసుము రెండోసారి కట్టడం. ఆ సంగతి పాడేవాళ్లకూ తెలుసు.

అంకెలు వేసి చూద్దాం. ఇవి మాట వరసకు తీసుకున్న అంకెలు; ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు. 20 క్వింటాళ్ల సోయా ఉన్న రైతుకు కల్లం కాడ వ్యాపారి క్వింటాలుకు 4,200 చెప్పాడనుకుందాం. 84,000 అనిపిస్తుంది. క్వింటాలుకు 2 కిలోలు కడ్తా (తూకంలో కోత) తీశాడు, 1,680 పోయింది. వెంటనే నగదు కావాలంటే 2 శాతం కోత అన్నాడు. ఇంకో 1,646 పోయింది. చేతికొచ్చింది 80,674. అదే సరుకు యార్డుకు తీసుకుపోతే కిరాయి 2,000, హమాలీ కాంటా ఖర్చులు 600, ఆడ్తి 2 శాతం అనుకోండి. ఇన్ని కోతలు పోనూ కల్లం కాడి డబ్బుతో సమానం కావాలంటే యార్డులో ధర ఎంత పలకాలి? లెక్క వేస్తే సుమారు 4,250. కల్లం ధర కన్నా 50 రూపాయలు ఎక్కువ పలికితే చాలు, యార్డు నష్టం కాదు. 200 ఎక్కువ పలికితే మూడు వేల దాకా మిగులుతుంది.

ఇప్పుడు నాలుగే క్వింటాళ్లున్న రైతును తీసుకోండి. చిన్న బండి కిరాయి 1,200, హమాలీ 120. మిగతా కోతలన్నీ అవే. ఇతనికి యార్డు గిట్టుబాటు కావాలంటే ధర 4,450 దాటాలి. అంటే కల్లం ధర కన్నా 250 పైనే. ఒకే ఊరు, ఒకే గింజ, ఒకే రోజు. ఒకరికి 50 చాలు, ఇంకొకరికి 250 కావాలి. రెండెకరాల రైతు కల్లంలోనే అమ్మేశాడంటే అమాయకుడని ఎలా అంటాం? అతని మీద పడే ప్రవేశ రుసుము పెద్ద రైతుకు పడేదాని కన్నా క్వింటాలుకు మూడింతలు. ముందస్తు రుసుము చిన్న లాటువాడినే ఎక్కువగా కొడుతుందని ఎందుకన్నానో ఇక్కడ అర్థమవుతుంది.

అయితే ఉచితం సంగతి? అక్కడా పాఠాలున్నాయి, అవన్నీ ఒకే వైపు చూపించవు.

యాహూ అమెరికాలో 1998లో ఉచిత వేలం పెట్టింది. సరుకు కుప్పలుగా వచ్చి పడింది, పాడేవాళ్లు మాత్రం ఈబేలోనే ఉండిపోయారు. 2001 జనవరిలో యాహూ రుసుము పెట్టగానే సరుకు పెట్టేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు. 2005లో మళ్లీ ఉచితం చేసినా నిలదొక్కుకోలేక 2007లో మూసేసింది. కానీ జపాన్‌లో తిరగబడింది. అక్కడ 1999లో యాహూయే ముందు వచ్చింది, ఉచితంగా వచ్చింది. పాడేవాళ్ల గుంపు అక్కడే చేరింది. ఆలస్యంగా వచ్చి రుసుము అడిగిన ఈబే 2002లో దుకాణం కట్టేసుకుంది. చైనాలో 2003లో అలీబాబా తెచ్చిన తావోబావో అమ్మేవాళ్ల దగ్గర ఏమీ తీసుకోనని ప్రకటించి, రుసుము తీసుకునే ఈబేను మూడేళ్లలో పక్కకు తోసింది. ఈ మూడు కథలూ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. కొనేవాళ్ల గుంపు ఇంకా ఎక్కడా పూర్తిగా చేరని చోట ఉచితం గెలుస్తుంది. గుంపు ఒకచోట స్థిరపడ్డాక ఉచితం ఒక్కటే దాన్ని కదిలించలేదు.

తావోబావో కథ అక్కడితో ఆగలేదు. సరుకు పెట్టడం ఉచితమే. కానీ లక్షల దుకాణాల మధ్య మన సరుకు కొనేవాడి కంటికి కనబడాలంటే ప్రకటనకు డబ్బు కట్టాలి. ఆ డబ్బే కంపెనీ ఆదాయమైంది. 2011 అక్టోబరులో అదే కంపెనీ నడిపే తావోబావో మాల్ తన దుకాణదారుల వార్షిక రుసుమును 6,000 యువాన్ల నుంచి 30,000కు, కొందరికి 60,000కు పెంచుతున్నట్టు ప్రకటించింది. ధరావతు 1,50,000 యువాన్ల దాకా అడిగింది. చిన్న వ్యాపారులు వేల మంది ఒక్కటై పెద్ద దుకాణాల్లో ఆర్డర్లు పెట్టి రద్దు చేస్తూ గొడవకు దిగారు. ఉచితమని పిలిచినప్పుడు పోటీగా ఇంకో మార్కెట్ ఉంది. రుసుము పెంచే నాటికి అది లేదు.

మన దేశంలో ఇదే పాట చిన్న గొంతుతో వినబడింది. 2000లో వచ్చిన బాజీ డాట్ కామ్‌ను ఈబే 2004లో కొన్నది, ఆ ఈబే ఇండియా 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి 2018 ఆగస్టులో మూతపడింది. వేలం పద్ధతి ఇక్కడి ఇంటర్నెట్ అంగళ్లలో వేళ్లూనుకోలేదు. రుసుము పోటీ మాత్రం సాగుతోంది. 2021లో మీషో అమ్మేవాళ్ల దగ్గర కమీషన్ సున్నా చేసింది. ప్రకటనల మీద, రవాణా మీద సంపాదిస్తోంది. 2025లో అమెజాన్ 300 రూపాయల లోపు సరుకులకు, ఆ తర్వాత ఫ్లిప్‌కార్ట్ 1,000 లోపు సరుకులకు కమీషన్ ఎత్తేశాయి. ఇంట్లో చీరలు పెట్టుకుని అమ్మే బాన్సువాడ ఆడపడుచుకు ఇది నిజమైన మేలే. కాకపోతే వెనక్కి వచ్చే సరుకు కిరాయి ఎవరిది, ప్రకటన ఖర్చు ఎంత అని చూసుకున్నాకే సున్నా ఎంత సున్నానో తెలుస్తుంది.

కల్లం కాడి ఉచితానికీ ఇదే పరీక్ష పెట్టాలి. వ్యాపారి కిరాయి తనే పెట్టుకుంటాడు, హమాలీలను తనే తెస్తాడు, గోనె సంచులూ అతనివే. ఇదంతా నిజమైన సేవ. దానికి ఖర్చుంది, ఆ ఖర్చు ఎక్కడో రావాలి. ధరలో తగ్గించి తీసుకుంటే రైతు నలుగురిని అడిగి పోల్చుకోవచ్చు. తీసుకునేది అక్కడ కాదు, తూకంలో. కడ్తా అని ఒక కిలో, తేమ అని ఇంకో కిలో, సంచి బరువు అని మరికొంత. ధర మాత్రం పక్క ఊరి ధరకు సమానంగా, ఒక్కోసారి పది రూపాయలు ఎక్కువగా చెబుతారు. రైతులు ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకునేది ధరే కాబట్టి పోలిక అంతా ఆ ఒక్క అంకె మీదే నడుస్తుంది. యార్డులో కోతలు ఎక్కువ అనిపించడానికి కారణం అవి తక్‌పట్టీ (అమ్మకపు చీటీ) మీద ఒక్కొక్కటిగా రాసి ఉండడమే. రాసి ఉన్న కోతను నిలదీయవచ్చు. కాంటా పైనే కరిగిపోయిన కోతను ఎవరిని అడగాలి? ఈ వ్యాసంలో నేను గట్టిగా నిలబడే మాట ఇదొక్కటే.

యార్డు ధర నిజంగా ఎక్కువ పలుకుతుందా అన్నది వేరే ప్రశ్న. పలకకపోతే పై లెక్కంతా వృథా. పలుకుతుందా లేదా అన్నది అక్కడ పాడేవాళ్లు ఎంతమంది ఉన్నారన్న దాని మీద ఉంటుంది. దీని మీద రెండు మంచి పరిశోధనలున్నాయి. కర్ణాటక తన మార్కెట్లను 2014 నుంచి ఒకే ఆన్‌లైన్ వేదిక కిందికి తెచ్చింది. ఆ మార్పు వల్ల వరి ధర 5.1 శాతం, వేరుశనగ 3.6 శాతం, మొక్కజొన్న 3.5 శాతం పెరిగాయని 2020లో వచ్చిన అధ్యయనం తేల్చింది. పత్తి, పెసర, కందికి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిట్లం వైపు ఆ రెండో జాబితాలోని పంటలూ పండుతాయి కాబట్టి ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. కంప్యూటర్ పెట్టగానే ప్రతి పంటకూ ధర లేవదు.

రెండోది నేరుగా సోయా గురించే. 2000లో ఐటీసీ కంపెనీ మధ్యప్రదేశ్ ఊళ్లలో ఈ-చౌపాల్ పేరుతో కంప్యూటర్ కేంద్రాలు పెట్టి, మండీ బయట తానే సోయా కొనడం మొదలుపెట్టింది. అపరాజితా గోయల్ 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆ కేంద్రాలు వచ్చిన జిల్లాల్లో మండీ ధరే 1 నుంచి 3 శాతం పెరిగింది. కంపెనీకి అమ్మని రైతుకు కూడా లాభం కలిగిందన్న మాట. బయటి దారి తెరిస్తే లోపలి వ్యాపారి కూడా మర్యాదగా పాడతాడు. యార్డును సమర్థిస్తున్న నేను ఈ ఫలితాన్ని దాచిపెట్టకూడదు. బయటి అమ్మకం మీద నాకు వ్యతిరేకత లేదు. కానీ ఈ-చౌపాల్‌లో ఆ రోజు ధర ముందే ప్రకటించారు, తూకం ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టారు. కల్లం కాడ ఆ రెండూ లేవు.

కర్ణాటకలో లాంటి ఆన్‌లైన్ వేదిక మన దగ్గర ఈ-నామ్, అంటే జాతీయ వ్యవసాయ మార్కెట్. 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో మొదలైనప్పుడు తెలంగాణ నుంచి ఐదు ఉన్నాయి, వాటిలో నిజామాబాద్ ఒకటి. గేటు దగ్గర సరుకు నమోదు, లాటుకు నంబరు, నాణ్యత పరీక్ష, తెర మీద పాట, ఎలక్ట్రానిక్ కాంటా, ఖాతాలోకి డబ్బు: ఇదీ అనుకున్న వరుస. వేదిక వాడుకున్నందుకు రైతు దగ్గర ఏమీ తీసుకోరు. అంటే రుసుము లేని వేలం ప్రభుత్వమే తెచ్చింది. అయినా నిజామాబాద్ జిల్లా పసుపు రైతులు కొందరు లారీ కిరాయి పెట్టుకుని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతూనే వచ్చారు. సాంగ్లీలో ఖర్చు ఎక్కువ, కానీ పాడేవాళ్లూ ఎక్కువ. ఉచితాన్ని వదిలి ఖర్చు వైపు పోయిన ఈ రైతులే మన ప్రశ్నకు సగం జవాబు. ఎక్కడో దూరాన ఉన్న వ్యాపారి తెర మీద చూసి పాడాలంటే నాణ్యత పరీక్ష మీద అతనికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లేని చోట తెర మీద పాడేది ఆ యార్డులో పాత వ్యాపారులే.

రుసుము ఎత్తేస్తే చాలన్న ఆలోచనకు మన దేశంలో పెద్ద పరీక్ష 2020లో జరిగింది. ఆ ఏడాది తెచ్చిన వ్యవసాయ వాణిజ్య చట్టం యార్డు బయట జరిగే అమ్మకాలపై మార్కెట్ ఫీజు లేదంది. పాన్ కార్డు ఉంటే ఎవరైనా కొనవచ్చు. డబ్బు మూడు పనిదినాల్లో కట్టాలి. గొడవ వస్తే ఆర్డీఓ దగ్గరికి పోవాలి. 2021 జనవరిలో సుప్రీంకోర్టు అమలు నిలిపింది, నవంబరులో పార్లమెంటు రద్దు చేసింది. ఎక్కువకాలం నడవలేదు కాబట్టి ఫలితం చెప్పలేం. కానీ లోపం మొదటి రోజే కనబడింది. అది ఫీజును తీసేసింది, బయట అమ్మకానికి ధర నమోదు మాత్రం తప్పనిసరి చేయలేదు. బిహార్ 2006లోనే మార్కెట్ల చట్టాన్ని రద్దు చేసింది. యార్డులు పాడుబడ్డాయి, వాటి స్థానంలో రావాల్సిన పోటీ మార్కెట్లు రాలేదు. ఫీజు పోయింది గానీ ఈ రోజు ధర ఇదీ అని చెప్పే చోటు కూడా పోయింది. కల్లం కాడి వ్యాపారి చెప్పే ధరకు కూడా ఆధారం ఆ యార్డు ధరే కదా! అది లేకపోతే ఉచిత దారిలో ఉన్న రైతు కూడా గుడ్డిగానే నడవాలి.

కొనుగోలు కేంద్రం సంగతి క్లుప్తంగా. 2025-26 ఖరీఫ్‌కు సోయా మద్దతు ధర క్వింటాలుకు 5,328. బయటి ధర అంతకన్నా తక్కువ ఉన్న ఏడు ఇంతకు మించిన దారి లేదు. కానీ ఇక్కడ రుసుము కాలం రూపంలో ఉంటుంది: కేంద్రం తెరిచేదాకా ఆగాలి, తేమ 12 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి, తన వరుస రావాలి, డబ్బు ఖాతాలో పడాలి. 2024లో వానలు పడ్డాక కేంద్ర ప్రభుత్వం తేమ పరిమితిని 15 శాతానికి సడలించింది, కానీ అప్పటికే నవంబరు వచ్చేసింది. యాసంగి శనగకు విత్తనం కొనాల్సిన రైతు అంతదాకా ఎలా ఆగుతాడు?

ఆగలేకపోవడం వెనక అప్పుంది. ఎరువులు, విత్తనాలు ఉద్దెరకు ఇచ్చిన వ్యాపారే పంట కొంటాడు. ఈ రైతుకు నాలుగు దారులు లేవు, ఒక్కటే ఉంది. ఇంటర్నెట్ అమ్మకందారుకు రుసుము నచ్చకపోతే రాత్రికి రాత్రి ఇంకో చోటికి మారవచ్చు. ఉద్దెర తీసుకున్న రైతు పంట చేతికొచ్చే నాలుగు నెలల ముందే తన వేలాన్ని ముగించేసుకున్నాడు. అతనికి రుసుముల లెక్క చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. జూన్‌లో సొసైటీ నుంచి పంట రుణం సకాలంలో అందితేనే అక్టోబరులో అతను ఎక్కడ అమ్మాలో ఎంచుకోగలడు. మార్కెట్ సంస్కరణ గురించి రాసేవాళ్లు ఈ విషయాన్ని చివరి పేరాకు నెట్టేస్తారు. నేనూ ఇంత దూరం వచ్చాకే ఎత్తుకున్నాను గానీ, అన్నింటికన్నా బరువైనది ఇదే.

అప్పు ముడి లేని చిన్న రైతుకు మాత్రం చేయదగిన పని దగ్గరలోనే ఉంది. పైన వేసిన లెక్కలో నాలుగు క్వింటాళ్ల రైతును కల్లానికి కట్టేసింది ఆడ్తి కాదు, హమాలీ కాదు, బండి కిరాయి. ఐదుగురు కలిసి ఒకే బండి కట్టిస్తే అతని కిరాయి 1,200 నుంచి 400కు దిగుతుంది, అతనికి కావాల్సిన ధర 4,450 నుంచి 4,250కి వస్తుంది. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. సహకార సంఘమో రైతు ఉత్పత్తిదారుల సంఘమో ఊరికొక రోజు పెట్టి, ఎవరి సంచులకు వాళ్ల చీటీ కట్టి, బండి పంపితే చాలు. దానితో పాటు ఊళ్లో పంచాయతీ దగ్గర ఒక ఎలక్ట్రానిక్ కాంటా ఉండాలి. కల్లం కాడ అమ్మేవాడు కూడా ముందు అక్కడ తూచుకుని, ఆ చీటీ చేత్తో పట్టుకుని వ్యాపారితో మాట్లాడాలి. కడ్తా తీసేవాడు ఎన్ని కిలోలు తీశాడో ఆ చీటీ కిందనే రాయాలి. వచ్చే సోయా కోతలకు ముందు పిట్లం మార్కెట్ కమిటీ ముందు, సొసైటీ మహాజన సభలో రైతులు అడగాల్సినవి ఈ రెండూ: ఊరుమ్మడి బండి, ఊరి కాంటా.